మూత లేని చెలమ

వాన ముఖం చూసి రెండేళ్ళయిన ఒక మెట్ట సీమలో, రాళ్ళ గుట్టల మధ్య ఒక వంక ఉండేది. వంక అనడమే గానీ అందులో పారేదేమీ లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసుక, ఆ ఇసుక మీద ఎండ. కొత్తవాళ్ళు చూస్తే ఇక్కడ కాకి కూడా బతకదనుకుంటారు. కానీ ఆ ఇసుకలో మోకాలి లోతున ఒక చెలమ ఉండేది. తవ్వితే నీరు ఊరుతుంది. కాసేపు ఆగితే తేటపడుతుంది. ఆగలేనివాళ్ళకు బురద దక్కుతుంది. చుట్టూ ఆమడ మేర ఉన్న నీళ్ళన్నీ అవే.

ఆ చెలమను రోజూ తవ్వేది సుంకవ్వ అనే ముసలి గాడిద. ఒకప్పుడు చాకిరేవుకు మూటలు మోసింది. రేవులో నీళ్ళు తగ్గిన ఏడు, దాని యజమాని ఇసుకలో చెలమ తవ్వి బట్టలు తడపడం, ఇంటికి మళ్ళే ముందు కాళ్ళతో ఇసుక తోసి ఆ చెలమను కప్పేయడం సుంకవ్వ చూసింది. ఒక రోజు కాదు, ఏళ్ళ తరబడి చూసింది. తర్వాత ఆ తడి కూడా చాలక ఆయన రేవు ఎత్తేసి, దాని మెడలో తాడు విప్పేసి, ఎటో వెళ్ళిపోయాడు. తాడు పోయింది గానీ చూసి నేర్చుకున్నది పోలేదు.

అందుకని తెల్లారగానే సుంకవ్వ ముందు కాళ్ళతో తవ్వుతుంది. ఊట వచ్చాక అందరూ వంతులవారీగా తాగుతారు. ఆఖరున తాగినవాళ్ళు ఇసుక తోసి చెలమ కప్పేసి పోవాలి. మర్నాడు మళ్ళీ తవ్వాలి, మళ్ళీ కప్పాలి. ఇది సుంకవ్వ పెట్టిన కట్టుబాటు. ఎవరికీ ఇష్టం లేదు. నిజం చెప్పాలంటే సుంకవ్వకూ ఇష్టం లేదు. దాని గిట్టలు సగానికి అరిగిపోయాయి.

ఆ చెలమ మీద బతికేవాళ్ళు ఇంకో నలుగురు. మోకాళ్ళు అరిగిపోయాయని రైతు విడిచిపెట్టేసిన బండెద్దు మైలన్న. మందలోంచి తప్పిపోయి ఇక్కడే ఉండిపోయిన మేక గంగులమ్మ. ఏ మాట చెప్పినా తలూపే అడవిపంది బోడెప్ప. నాలుగోది నక్క, ఓబులేసు. నక్క గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? ఎక్కడైనా నక్క నక్కే.

ఓబులేసు ఎప్పుడూ వరుస మధ్యలో తాగేది. మొదట వస్తే తవ్వడంలో సాయం రమ్మంటారు, ఆఖరున వస్తే కప్పమంటారు. ఇలా చలికాలమంతా దాటేసింది. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున సుంకవ్వకు దొరికిపోయింది.

"ఓబులేసూ, యాడికి పోతాండావు? నీ తర్వాత ఎవరూ లేరు. కప్పిపో."

"గంగులమ్మ రావాల కదా అవ్వా."

"గంగులమ్మ ఎప్పుడో తాగి పాయె. కప్పు."

"నా కాళ్ళు చూడు అవ్వా. ఇవి ఇసుక తోసే కాళ్ళా? ఎండకు పెనం మాదిరి కాల్తాంది."

"నా కాళ్ళేమన్నా ఇనుముతో చేసినారా? కప్పు."

ఓబులేసు కప్పింది. కప్పినంత సేపూ సణుగుతూనే ఉంది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు నాక్కుంటూ మూడు రోజులు ఆలోచించింది. నాలుగో రోజు మధ్యాహ్నం తుమ్మచెట్టు కింద అందరూ కళ్ళు మూసుకుని పడి ఉన్నప్పుడు గొంతు సవరించుకుంది.

"మైలమామా, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. పొద్దున తవ్వుతాం. తాగి పూడుస్తాం. మళ్ళా తెల్లారి తవ్వుతాం. దీన్ని ఏమంటారు?"

ఎద్దు కళ్ళు తెరవలేదు. బోడెప్పే జవాబిచ్చింది. "పని అంటారు."

"తిక్క అంటారు. చెరువుకు ఎవరన్నా మూత పెడతారా? ఏటికి పెట్టినారా? నీళ్ళనేవి ఆకాశం చూడాల. మీద మోపెడు ఇసుక పోసి తొక్కితే ఊట యాడ్నుంచి లేస్తుంది? పోయిన నెల మోకాలి లోతున ఉండె. ఇప్పుడు తొడ లోతుకు పాయె. పూడ్చీ పూడ్చీ నీళ్ళను మనమే కిందికి తోస్తాండాం."

నీళ్ళు లోతుకు పోయింది వాన లేక. ఆ సంగతి అక్కడ అందరికీ తెలుసు. కానీ ఒళ్ళు అలసినవాళ్ళకు పని తప్పించే మాట ఏదైనా నిజంలాగే వినిపిస్తుంది. గంగులమ్మ లేచి కూర్చుంది.

"అయితే ఏం చేయాలంటావు?"

"ఒక్క మూడు దినాలు కష్టపడదాం. ఇసుకంతా ఎత్తి గట్టున పోసేద్దాం. ఎంత అగలంగా తీస్తే అంత ఊట. బోడెప్ప మూతికి మించిన పార ఉండాదా? ఆ తర్వాత తవ్వేది లేదు, కప్పేది లేదు. ఎప్పుడంటే అప్పుడొచ్చి తాగి పోవడమే."

"ఎండకు ఆరిపోదా?"

"దోసెడు నీళ్ళయితే ఆరిపోతాయి. మడుగును ఎండ యాడ తాగుతుంది గంగులమ్మా? దానికి పొట్ట పట్టొద్దా?"

బోడెప్ప పడీ పడీ నవ్వింది. అప్పుడు సుంకవ్వ తలెత్తింది.

"ఆ ఇసుక మూత కాదురా, నీళ్ళకు నీడ. దాన్ని తీసేస్తే వంకలో ఉండే తడంతా దిగి వచ్చి ఆ గుంటలో నిలబడుతుంది. నిలబడిందాన్ని నిలబడినట్టే ఎండ ఎత్తుకుపోతుంది. వానకు ఇంకా యాభై దినాలుండాది."

"నీకెట్ల తెలుసు?"

"రేవులో చూసినా."

"అంత తెలిసిన నీ యజమాని ఇప్పుడు యాడుండాడు అవ్వా? ఆ రేవు యాడుండాది?"

సుంకవ్వ ఒకప్పటి రేవు ఉన్న దిక్కుకు తల తిప్పింది. అది తేరుకునేలోపే మైలన్న నోరు విప్పింది. ఇన్నేళ్ళలో ఆ ఎద్దు తనంతట తాను మాట్లాడటం ఎవరూ పెద్దగా వినలేదు.

"సుంకక్కా, తప్పుగా అనుకోవద్దు. చెలమ లోతాయె. తాగాలంటే మోకాళ్ళ మీద కూలబడాల. కూలబడడం చేతనైతాంది, లేయడమే కావడంల్యా. మొన్న తాగి లేచేసరికి పొద్దు నడినెత్తికొచ్చె. ఎవరూ చూడకూడదని మీరంతా పోయిందాకా ఆగి తాగినా. అగలం చేస్తే దిగి నిలబడి తాగుతా. నిలబడి నీళ్ళు తాగి ఏడాదాయె."

సుంకవ్వ దాని మోకాళ్ళ వంక చూసింది. రెండూ వాచి, తోలు లేచిపోయి, ఈగలు ముసురుతున్నాయి.

"మీ ఇష్టం," అని పక్కకు తిరిగి పడుకుంది.

తప్పు జరిగింది ఇక్కడే. నక్క మాట నెగ్గడం పెద్ద విషయం కాదు, నక్కలు అలాంటి మాటలు రోజూ చెబుతూనే ఉంటాయి. తెలిసినామెకు ఇంకో రెండుసార్లు గట్టిగా చెప్పే ఓపిక లేకపోయింది. పైగా రేపటి నుంచి తవ్వక్కర్లేదు కదా అని లోపల కొంచెం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలుచుకుని సుంకవ్వ తర్వాత చాలా సిగ్గుపడింది.

మూడు రోజులు తవ్వారు. బోడెప్ప మూతితో ఎత్తి పోస్తుంటే గంగులమ్మ గిట్టలతో తోసింది. ఓబులేసు గట్టున నిలబడి "ఆ పక్క, ఈ పక్క" అని అరిచింది. నాలుగో రోజు పొద్దున చూస్తే వంక మధ్యలో మడుగు! అందులో ఆకాశం, ఆకాశంలో ఒక గద్ద. మైలన్న మెల్లగా వాలులోంచి దిగి, నాలుగు కాళ్ళ మీద నిలబడి, తల మాత్రం వంచి తాగింది. తాగుతుంటే కళ్ళ నుంచి నీళ్ళు కారాయి. సుంకవ్వకు కూడా సంతోషమే వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఓబులేసు ఇసుక కుప్ప ఎక్కి కూర్చుంది. "ఆలోచన నాది కాబట్టి మొదటి గుక్క నాది," అంది. ఎవరూ కాదనలేదు. బోడెప్ప ఒళ్ళు కాలుతోందని రోజూ మడుగులో పడి పొర్లింది. దాన్నీ ఎవరూ వద్దనలేదు. ఇన్ని నీళ్ళుండగా ఒకరితో ఒకరికి గొడవెందుకు అనుకున్నారు.

పదో రోజుకు మడుగు అంచు మూరెడు వెనక్కి పోయింది.

"ఎండ కొంచెం రుచి చూసింది, అంతే," అంది ఓబులేసు.

పదిహేనో రోజుకు నీళ్ళు పచ్చబడి వాసన కొట్టాయి. ఇరవయ్యో రోజుకు మిగిలింది బురద. ఆ బురద మధ్యలో నాలుగైదు గుక్కల నీళ్ళున్నాయి. బోడెప్ప పొర్లిన చోటల్లా మన్ను మెత్తి ఊట కళ్ళు మూసుకుపోయాయి. సుంకవ్వ మడుగు పక్కన ఇసుకలో తవ్వి చూసింది. పొడి. ఇంకో పక్క తవ్వింది. అక్కడా పొడే. చుట్టూ ఉన్న ఇసుకలో దాగిన తడంతా మడుగులోకి దిగి, మడుగులోంచి ఆకాశానికి పోయింది. వానకు ఇంకా ఇరవై ఏడు రోజులుంది.

అయిదుగురూ గట్టున నిలబడ్డారు. బురద మధ్యకు దిగితే మైలన్న కూరుకుపోతుంది. బోడెప్ప దిగితే ఉన్న గుక్కలు కూడా బురదైపోతాయి. సన్నగా, తేలిగ్గా ఉన్నది నక్క ఒక్కటే.

"ఇవి నాలుగు గుక్కలు," అంది ఓబులేసు. "ఆలోచన నాది. గుక్కలు నావి. మీరు ఇంకో చోటు చూసుకోండి."

"అందరం మునిగినాం కదప్పా," అంది గంగులమ్మ.

"నేను మునగలేదే."

సుంకవ్వ తల వంచుకుని వంక వెంట ఎగువకు నడిచింది. నడుస్తూ ఇసుక వాసన చూసింది. అరకోసు దూరంలో వంక మలుపు తిరుగుతుంది. అక్కడ గట్టు ఎత్తుగా ఉండి మధ్యాహ్నం తర్వాత నీడ పడుతుంది. ఆ నీడలో ఒకచోట ఆగి తవ్వింది. మోకాలి లోతు, తొడ లోతు. గిట్ట చీలి రక్తం కారింది. ఇంకో జానెడు తవ్వితే ఇసుక నల్లబడింది. ఇంకో జానెడుకు తడి మెరిసింది. నాలుగు గుక్కలు తాగి, మళ్ళీ అంతా కప్పేసి, పొద్దు పొడిచే వేళకు వెనక్కి వచ్చింది.

"అరకోసు నడవాల," అని చెప్పింది. బోడెప్ప, గంగులమ్మ వెంటనే లేచాయి. మైలన్న లేవలేదు.

"నువ్వు పో సుంకక్కా. నా కాళ్ళు అంత దూరం రావు. నేనీడే ఉంటా."

సుంకవ్వకు కోపం వచ్చింది. ఆ ఎండాకాలమంతటికీ దానికి వచ్చిన కోపం అదొక్కటే. "నీ మోకాళ్ళు చూసే కదా నేను 'మీ ఇష్టం' అంటి! ఇప్పుడు నువ్వీడ పడి పోతే ఆ మాట మోసుకొని నేను యాడ తిరగాల? ఇన్ని మూటలు మోసినా గానీ అది మోయలేను. లెయ్."

మైలన్న లేచింది. పొద్దు పొడిచేటప్పుడు బయల్దేరితే అరకోసు దాటేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో రెండుసార్లు పడింది. పడిన రెండుసార్లూ బోడెప్ప కింద మూతి పెట్టి లేపింది. మలుపు చేరేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. సుంకవ్వ తవ్వింది. మైలన్న మళ్ళీ మోకాళ్ళ మీదే కూలబడి తాగింది. ఆఖరున తాగిన బోడెప్ప, ఎవరూ చెప్పకుండానే ఇసుక తోసి కప్పి, దాని మీద మూతితో చదును చేసి మరీ వచ్చింది.

"అవ్వా, మమ్మల్ని తిట్టవా?" అంది గంగులమ్మ.

"ఓపిక లేదు తల్లీ," అంది సుంకవ్వ.

అయిదో రోజు, గట్టు నీడ అప్పుడప్పుడే పడుతున్న వేళ, ఓబులేసు వచ్చింది. అడుగుల జాడ పట్టుకుని వచ్చింది. నాలుక వేలాడుతోంది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. నాలుగు గుక్కలు అయిపోయి రెండు రోజులైందట. నీడలో నలుగురూ పడుకుని ఉన్నారు. మూతులు తడిగా లేవు గానీ కళ్ళలో ప్రాణం ఉంది. నక్క చుట్టూ చూసింది. మడుగు లేదు, గుంట లేదు, కనుచూపు మేర చదునుగా ఇసుక. కాళ్ళు నిలవక ఎక్కడో ఒకచోట కూలబడింది. అక్కడ ఇసుక ఎందుకో చల్లగా తగిలింది.

"నీళ్ళు యాడుండాయి?"

బోడెప్ప నోరు తెరవబోయి సుంకవ్వ వంక చూసింది. చెబుదామా వద్దా అని అందరికీ ఉంది. సుంకవ్వ మూతితో నక్క కింది ఇసుక చూపించింది.

"నువ్వు కూర్చున్న చోటే ఉండాయి. తవ్వు."

ఓబులేసు కింద ఇసుక చూసింది. సుంకవ్వను చూసింది. ఎండిన గొంతుతో నవ్వింది.

"అవ్వా, నేనెవరనుకున్నావు? నాకే టోపీ పెడతావా? నేనీడ ఇసుక గీక్కుంటా ఉంటే మీరు నీడలో పడుకొని నవ్వుకుందామనా?"

"ఎందుకట్ల చేస్తాం?"

"నేను మీకు చేసినా కదా!" ఆ మాట దాని నోట్లోంచి దానికి తెలియకుండానే వచ్చేసింది. ఎవరూ నవ్వలేదు.

"నిజమే చెప్తాండా ఓబులేసూ," అంది సుంకవ్వ. "అక్కడ్నే తవ్వు. తొడ లోతు దాటితే నీళ్ళుండాయి."

"ఉంటే కనబడవా?"

"కప్పినాం కాబట్టి కనబడవు."

"నీళ్ళున్నోళ్ళు ఎవరన్నా ఇట్ల పడుకుంటారా? పిలిచి చూపిస్తారా? దాచుకుంటారు. నేనైతే దాచుకుంటా." ఓబులేసు ఒక్కొక్కరి ముఖం వెతికింది. గంగులమ్మ ఆ చూపు తట్టుకోలేక తల తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం గుట్ట వైపు అయింది. నక్క చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఓహో! గుట్ట వెనకాల కదా?"

"గుట్ట వెనకాల రాళ్ళు తప్ప ఏమీ ల్యా. అటు పోవద్దు."

"పోవద్దంటాండావంటే ఆడనే ఉండాది."

"ఓబులేసూ! పోతే మళ్ళా రాలేవు. నీకు తవ్వే ఓపిక లేకపోతే ఆగు, నేను తవ్విపెడతా." సుంకవ్వ లేవబోయింది. చీలిన గిట్ట నేలకు ఆనలేక మళ్ళీ కూలబడింది. గొంతెత్తి ఓండ్ర పెట్టింది.

అది విని నక్కకు ఇంకా నమ్మకం కుదిరింది. అంతగా ఆపుతోందంటే అక్కడ మడుగే ఉండాలి. కూర్చున్న చోటు నుంచి లేచి, వెనక అంటుకున్న తడి ఇసుక దులుపుకుని, గుట్ట ఎక్కింది. శిఖరం మీద ఒకసారి వెనక్కి తిరిగి, ఎవరూ వెంటరావడం లేదని రూఢి చేసుకుని, అవతలికి దిగిపోయింది.

పొద్దు వాలాక బోడెప్ప అదే చోట తవ్వింది. నీళ్ళు ఊరాయి. అందరూ గుట్ట వైపు చూస్తూ తాగారు. మర్నాడు గంగులమ్మ గుట్ట ఎక్కి చూసి వచ్చి, కప్పే వంతు తానే తీసుకుని వరుసలో ఆఖరున నిలబడింది.

కథ విన్నాక నీతి ఏదీ అని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను: కంటికి కనిపించే నీళ్ళనే నమ్మి, వాటిని కడుపులో దాచే ఇసుకను పారబోసుకున్నవాడు చివరికి నీళ్ళ మీదే కూర్చుని దాహంతో పోతాడు.